లవణాంబకు మూడు కాపీలు

ఒక అమ్మవారిని ఆవిడ గుడిలోనే, ఆవిడ భక్తుల చేతే బల్లేలతో పొడిపించిన మహాపాపిని నేను. అదీ పై దేశం నుంచి వచ్చిన ముగ్గురు అతిథుల ఎదుట, గోడంత తెర మీద. కంగారుపడి చెంపలేసుకోకండి, ఆ అమ్మవారు ఏ పురాణంలోనూ లేదు. ఆవిడను పుట్టించిందీ నేనే, పొడిపించిందీ నేనే. పుట్టించడానికి ఆరు నెలలు పట్టింది గానీ, పొడిపించడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.

అవి హైదరాబాదులో ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. ఫిల్మ్‌నగర్‌లో పెద్ద రచయితల దగ్గర నాలుగేళ్ళు అసిస్టెంటుగా పనిచేసి, పేరు పడకుండానే పొట్ట పెంచుకున్న నన్ను, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో నడుస్తున్న వీడియో గేముల కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చింది. యజమాని రవీంద్రగారిది కూడా మా గోదావరి వైపే.

"గేములో ఐదు రాజ్యాలుంటాయయ్యా. ఒక్కోదానికి ఒక మతం, ఒక పురాణం, ఆచారాలు, నీతులు, అన్నీ కావాలి. మీ సినిమావాళ్ళకి దేవుళ్ళ సంగతి బాగా తెలుసు కదా" అన్నారాయన.

నాలుగు రాజ్యాలకు ఏవో నాలుగు మతాలు కట్టబెట్టేశాను. ఐదోదాన్ని మాత్రం ప్రాణం పెట్టి రాశాను. దాని పేరు లవణ రాజ్యం. ఉప్పు ఎడారిలో బతికే జనం. వాళ్ళ దేవత లవణాంబ, తెల్లకొంగ మీద వస్తుంది. నైవేద్యం చిటికెడు ఉప్పు. ఇంటికొచ్చినవాడు శత్రువైనా సరే, ముందు అన్నం పెట్టాలి, తిన్నాకే పేరడగాలి. మనిషి మనిషిని నమ్మడమే వాళ్ళ మతం. రాస్తూ రాస్తూ నాకే కళ్ళు చెమర్చేవి.

ఇంత నమ్మకాన్ని కాగితం మీద పెట్టిన పెద్దమనిషికి, పక్క కుర్చీలో మనిషి మీద ఆవగింజంత నమ్మకం లేదు. నా తప్పు కాదు సుమండీ. ఫిల్మ్‌నగర్‌లో కథ చెప్పేముందు తలుపేస్తాం, కిటికీ వేస్తాం, పరుపు కింద ఎవరైనా ఉన్నారేమో చూస్తాం. అలా పెరిగిన ప్రాణం మరి.

నా అనుమానం యాదగిరి మీద పడింది. అతను సినిమా సెట్లకు గుళ్ళూ గోపురాలూ రంగులేసి, తరవాత కంప్యూటర్ నేర్చుకుని మా దగ్గర బొమ్మల విభాగంలో చేరాడు. టోలిచౌకి నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. ఎవరితోనూ గొడవ పడడు, ఎవరి గురించీ చెడు మాట్లాడడు. ఇంత మంచివాడంటేనే నాకు ఎక్కడో తేడా కొట్టింది. పైగా రోజూ మధ్యాహ్నం మూడింటికి నా కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని ఫిల్మ్‌నగర్ వైపు దిగిపోయేవాడు.

ఒకరోజు గేటు దగ్గర పట్టుకున్నాను.

"ఎక్కడికి యాదగిరీ?"

"గీడికే సార్, జర పనుంది."

"ఆ చంకలో ఏంటి?"

"కాయితాలు సార్."

"ఏం కాగితాలు?"

"మనవే సార్" అని నవ్వి స్కూటర్ తన్నాడు.

మనవే! నావి మనవి ఎప్పుడయ్యాయి? ఆ సాయంత్రమే మెట్ల దగ్గర అతను ఫోన్లో అంటున్న మాటలు నా చెవిన పడ్డాయి. "ఉస్తాద్, అమ్మవారి కథ మస్తుగున్నది. గుడి సీను ఇంటే నీకు నిద్ర పట్టది. రేపు మొత్తం పట్టుకొస్త."

ఇంకేం కావాలి? ఎవరో నిర్మాతకు నా లవణాంబను అప్పగించేస్తున్నాడు. రేపో మాపో ఏ హీరోయినో ఉప్పురాశి మీద నిలబడి పోస్టర్లలో కనిపిస్తుంది, నేను ఆ పోస్టర్ కింద నిలబడి ఆటో కోసం చెయ్యెత్తుతుంటాను!

సినిమా రచయితల్లో దీనికొక పాత ఉపాయం ఉంది. ఒకే కథను ముగ్గురు నిర్మాతలకు చెప్పాల్సి వస్తే, ఒకరికి హీరో లారీ నడుపుతాడని చెబుతాం, ఇంకొకరికి పడవ నడుపుతాడని, మూడోవారికి రోడ్డు రోలర్ నడుపుతాడని. తరవాత ఏ సినిమాలోనైనా రోడ్డు రోలర్ కనబడితే కథ జారిపోయింది ఆ మూడో ఆయన దగ్గరేనన్నమాట. ఇదే ఇక్కడా ప్రయోగిద్దామనుకున్నాను.

అనుమానం ఒక్కడి మీదే పెట్టుకుంటే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టు కదా! అందుకని ఇంకో ఇద్దరిని కలిపాను. గేములో మనుషులు ఎప్పుడేం చెయ్యాలో ప్రోగ్రాం రాసే సుమతి ఒకరు. ఆమె మేనమామకు సినిమా హాలుందట, అది చాలదూ? రెండోవాడు శబ్దాలు చేసే ప్రభాకర్. అతను ఒకప్పుడు డబ్బింగ్ థియేటర్లో పనిచేశాడు. ముగ్గురికీ లవణ రాజ్యం మతం మీద మూడు వేర్వేరు కాపీలు ఇచ్చాను. యాదగిరి కాపీలో అమ్మవారి వాహనం కొంగ కాదు, గాడిద. సుమతి కాపీలో కొత్త ఆచారం: గుడిలోకి నాలుగు కాళ్ళ జంతువు వస్తే మహాపాపం, భటులు బల్లేలతో తరమాలి. ప్రభాకర్ కాపీలో అమ్మవారు మాట్లాడదు, తుమ్ముతుంది. తుమ్మే ఆశీర్వాదం. మూడింటి మీదా 'ఇదే ఆఖరు కాపీ' అని రాసి సంతకం పెట్టి, ఒకరిది ఒకరికి చూపిస్తే ఊరుకోనని హెచ్చరించాను.

సుమతి వచ్చింది. "సార్, నాలుగు కాళ్ళంటే ఏ జంతువైనా సరేనా? కుక్కపిల్ల కూడా?"

"ఏదైనా సరే."

"ఎందుకని సార్ ఆ రూల్?"

"నువ్వెందుకు అడుగుతున్నావు?" అన్నాను కళ్ళు చిన్నవి చేసి. పాపం, ఆ అమ్మాయి మళ్ళీ నా గదివైపు రాలేదు.

ప్రభాకర్ వచ్చాడు. "తుమ్మంటే మామూలు తుమ్మేనాండీ? మనకది అపశకునం కదండీ?"

"వాళ్ళకి ఆశీర్వాదం."

"చిన్న తుమ్మాండీ, పెద్ద తుమ్మాండీ?"

"అమ్మవారి స్థాయికి తగ్గట్టు చెయ్యవయ్యా."

యాదగిరి ఒక్కడే ఎందుకని అడగలేదు. కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.

"గాడిదనా సార్?"

"గాడిదే."

"సరే సార్. మీరు రాసిన్రంటే ఏదో మతలబు ఉంటది."

దొంగ కాబట్టే ఎందుకని అడగలేదని నేను రూఢి చేసుకున్నాను. ఆ రోజు నుంచి సినిమా పత్రికలన్నీ గాలిస్తూ, ఫిల్మ్‌నగర్ గోడల మీద పోస్టర్లు చూస్తూ గాడిద కోసం కాపు కాశాను. గాడిద కనబడగానే దొంగను పట్టించి, అసలు కాపీ ముగ్గురికీ ఇద్దామని నా పథకం. గాడిద కనబడలేదు. ఈలోపల మా గేము చూసి కొనాల్సిన ఆ పై దేశం అతిథులు అనుకున్నదానికంటే రెండు వారాలు ముందే దిగిపోయారు.

ఆ మధ్యాహ్నం రవీంద్రగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "వాళ్ళకి నచ్చితే మనకి మూడేళ్ళ పని. నచ్చకపోతే ఈ బంగళాకి తాళం, నలభై మందీ ఇళ్ళకి. అందుకే ముందు నీ లవణ రాజ్యమే చూపిస్తున్నాం."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అది కాదండీ, కాపీల్లో చిన్న..."

"తరవాత చెబుదువుగాని, అందరి పనీ ఇప్పుడే ఒకచోట కలిపారు, చూసుకునే టైము కూడా లేదు, పద" అని లాక్కుపోయారు.

ఒక్క సంగతి నాకు అప్పుడే తట్టింది. సినిమాలో రచయిత రాసింది రాసినట్టు ఎవరూ తియ్యరు. లారీ అని రాస్తే హీరో విమానంలో దిగుతాడు. అందుకే అక్కడ ఎన్ని అబద్ధపు కాపీలు తిరిగినా ప్రమాదం లేదు. ఈ కంప్యూటర్ల వాళ్ళు అలా కాదు. రాసింది రాసినట్టు, అక్షరం పొల్లుపోకుండా చేసి పెడతారు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా చెప్పండి!

దీపాలార్పారు. తెర మీద ఉప్పు స్తంభాల గుడి తెల్లగా వెలిగింది. నిజం చెప్పాలి, అంత అందమైన గుడిని నేను ఏ సెట్లోనూ చూడలేదు. అతిథులు ముందుకు వంగారు. ఊరేగింపు వచ్చింది. లవణాంబ గాడిద మీద కూర్చుని, మహారాణిలా నడిచి వచ్చింది. గాడిద ముందు కాలు గడప దాటి లోపల పెట్టింది.

అంతే. నాలుగు కాళ్ళ జంతువు! ఎనిమిది మంది భటులు బల్లేలెత్తి గాడిద మీదా, దాని మీదున్న అమ్మవారి మీదా పడ్డారు. దెబ్బ తగలగానే అమ్మవారు తుమ్మింది. అది మామూలు తుమ్ము కాదు. ప్రభాకర్ అందులో శంఖాన్నీ ఉరుమునీ కూడా కలిపాడు. ఆశీర్వాదం వినబడగానే భటులు బల్లేలు దించి, వంగి దండం పెట్టి, లేచి మళ్ళీ పొడిచారు. ఆవిడ మళ్ళీ తుమ్మింది. వాళ్ళు మళ్ళీ వంగారు. పక్కనే పూజారులు నింపాదిగా ఉప్పు చల్లుతున్నారు.

అతిథుల్లో పెద్దావిడ చాలా మర్యాదగా అడిగింది. "ఈ ప్రజలు అన్నిటికంటే దేనికి విలువనిస్తారు?"

రవీంద్రగారు నావైపు చూశారు. ఇరవై జతల కళ్ళు నావైపు తిరిగాయి.

"నమ్మకానికండీ" అన్నాను.

తెర మీద అమ్మవారు తుమ్మింది.

అరగంట తరవాత రవీంద్రగారి గదిలో మూడు ఆఖరు కాపీలూ బల్ల మీద పక్కపక్కన పడుకున్నాయి. నేను ఉన్నదంతా కక్కేశాను. సుమతీ ప్రభాకరూ నన్ను మింగేసేలా చూశారు. యాదగిరి నెమ్మదిగా నోరు విప్పాడు.

"నేను పోయేది మా ఉస్తాద్ కాడికి సార్. ఎన్నో గుడి సెట్లు వేసిన మనిషి. ఇప్పుడు చూపు ఆనుతలేదు. మీరు రాసింది చదివి ఇనిపిస్తుంటి, గుడి ఎట్లుండాల్నో ఆయన చెప్తుండె. గాడిదని గంభీరంగ ఎట్ల నడిపియ్యాల్నని ఇద్దరం పది రోజులు తిప్పలపడ్డం. జర అడిగితే నేనే చెప్తుంటి గద సార్."

"అడిగాను కదయ్యా!"

"ఏం కాయితాలని అడిగిన్రు సార్. ఎవరికని అడగలే."

మొత్తం బంగళాలో నా రాతను నమ్మినవాడు అతనొక్కడే. నేను దొంగ అనుకున్నదీ అతన్నే. మర్నాడు యాదగిరి వెంటే వెళ్ళి ఆ ఉస్తాద్ కాళ్ళకు దండం పెట్టాను. నేనెవరో యాదగిరి చెప్పగానే ఆయన ఆత్రంగా అడిగిన మొదటి మాట ఇది: "గాడిద నడక మంచిగొచ్చిందా సారూ?"

"చాలా బాగా వచ్చిందండీ" అన్నాను. ఆ ఒక్కటీ అబద్ధం కాదు.

బంగళాకి తాళం పడలేదు. అతిథులు నాలుగు రాజ్యాలు తీసుకుని, ఐదోది వద్దన్నారు. నేను ప్రాణం పెట్టకుండా రాసినవన్నీ నచ్చాయి వాళ్ళకి. యాదగిరి కట్టిన ఆ గుడి మాత్రం ఎవరూ చూడకుండానే పోయింది, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. రవీంద్రగారు లవణ రాజ్యం కాగితాలు నా చేతిలో పెట్టి, "నీ అమ్మవారు నీకే. ఉద్యోగం మాత్రం వేరే చూసుకో" అన్నారు.

లవణాంబను చంకలో పెట్టుకుని మళ్ళీ ఫిల్మ్‌నగర్‌లో పడ్డాను. ఏడాదిపాటు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి ఒక పెద్ద నిర్మాత కథ మొత్తం ఓపిగ్గా విన్నారు.

"తలుపు కూడా వెయ్యకుండా చెప్పారే! ఎవరైనా ఎత్తుకుపోతారని భయం లేదా మీకు?" అని అడిగారు.

"ఆ భయం పోయిందండీ."

"మంచిది. ఈ కథకి ఆ భయం అక్కర్లేదు" అన్నారాయన.

కనుక పాఠక మహాశయుల సమక్షంలో ఒట్టు వేస్తున్నాను. ఈ జన్మలో ఏ మనిషినీ కథల దొంగ అని అనుమానించను. ఎవరైనా దయతలచి నా లవణాంబను ఎత్తుకుపోతే, వాళ్ళింటికి పళ్ళూ పూలూ పట్టుకెళ్ళి, కాళ్ళకు దండం పెట్టి వస్తాను.