సూరమ్మ చూడాల్సిన సినిమా, నోరు మూసుకున్న లాప్‌టాప్

చేప దవడతో పత్తి దువ్వుతారని ఎవరో చెబితే నేను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే పొందూరు వెళ్ళాను. వాలుగ చేప దవడ ఎముకకి దువ్వెనలా సన్నటి పళ్ళు ఉంటాయి. ఆ పళ్ళతో గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వి, చెత్త తీసి, తర్వాత ఏకులు చుట్టి రాట్నం మీద వడుకుతారు. నాకు ఈ పని దగ్గరుండి చూపించింది సూరమ్మ. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తుంది. మూడు రోజులు ఆవిడ గదిలోనే కూర్చుని కెమెరాతో తీశాను. రెండు కళ్ళలోనూ పొర వచ్చింది ఆవిడకి. బరంపురంలో ఉన్న కూతురు ఆపరేషన్‌కి రమ్మంది. మూడో రోజు నేను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని, "ఒలే గుంటా, ఎల్లుండి పొద్దున్నే నా బండి. ఆపరేసన్ ముందల ఒక్కపాలి ఆ సినిమా సూపించు. కన్ను ఉంటాదో పోతాదో ఎవలికి ఎరిక? ఎప్పుడూ నన్ను నాను సూసుకోనేదు," అంది. "రేపు సాయంత్రానికల్లా చూపిస్తాను మామ్మా," అని మాటిచ్చేశాను. మాట ఇవ్వడంలో నేను ఎప్పుడూ ముందే!

మర్నాడు పొద్దున్న విజయనగరం లాడ్జిలో ఏడింటికి లేచి, ఆ మూడు రోజుల వీడియోని కాస్త కత్తిరించి కుదురుగా చేద్దామని లాప్‌టాప్ తెరిచాను. బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. లైటు లేదు, చప్పుడు లేదు, ఉలుకూ పలుకూ లేదు. నా కెమెరా కార్డు చిన్నది, రోజూ సాయంత్రం వీడియోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి కార్డు ఖాళీ చేసేదాన్ని. అంటే సూరమ్మ మొత్తం ఈ పెట్టెలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. నాలాంటి తెలివైనదాన్ని మా ఇంట్లో అందరూ మెచ్చుకోవాలి!

సరే, కంగారు పడకూడదని మొదటి నుంచీ చూసుకుంటూ వచ్చాను. ఆ స్విచ్‌బోర్డులో టేబుల్ ఫ్యాను పెట్టి చూశాను, తిరిగింది. కాబట్టి కరెంటు ఉంది. చార్జర్ పెట్టాను, లాప్‌టాప్ పక్కన వెలగాల్సిన చిన్న లైటు వెలగలేదు. బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్‌ని ముప్పై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుని, బ్యాటరీ మళ్ళీ పెట్టి నొక్కాను. లేదు. బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నొక్కాను. లేదు. చివరికి బతిమాలాను కూడా, సిగ్గేముంది చెప్పుకోవడానికి. మీకూ ఇలా జరిగితే ఈ వరసలోనే చూసుకోండి, బతిమాలడం మాత్రం పనిచెయ్యదు.

పక్క వీధిలో కంప్యూటర్ షాపు తొమ్మిదింటికి తెరిచారు. అక్కడి అబ్బాయి తన దగ్గరున్న చార్జర్ పెట్టి చూసి, లైటు రాకపోయేసరికి, "మదర్‌బోర్డు పోయింది మేడమ్. హైదరాబాద్ నుంచి రావాలి, పది రోజులు పడతాది," అన్నాడు. లోపలి వీడియోలైనా తీసి ఇమ్మంటే మూడు రోజులు వదిలి వెళ్ళమన్నాడు. నాకున్నది ఒక్క పగలు. కోపం నా ముక్కు మీదే ఉంటుంది కాబట్టి అతని మీద కాస్త ఎగిరి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని బయటికొచ్చి, విశాఖపట్నంలోనైనా ఎవరైనా బాగుచేస్తారేమోనని స్టేషన్‌కి ఆటో ఎక్కాను. వెనక సీట్లో కూర్చుని ఫోన్‌లో ఫ్రెండ్‌తో నా గోడంతా వెళ్ళబోసుకుంటుంటే డ్రైవరు అప్పారావు అద్దంలోంచి చూసి, "ఏటక్కా, కంపూటర్ పాడైపోనాదా? ఆమదాలవలసలో మా బావ ఉన్నాడు. రేడియో, టీవీ, బియ్యం మిల్లు బోర్డు, ఏటి పాడైనా ముందల ఇప్పి సూస్తాడు, తరవాతే మాటాడతాడు," అన్నాడు. ముందు విప్పి చూసేవాడు! నాకు కావాల్సింది సరిగ్గా అలాంటి మనిషే. ఫోన్ నంబరు తీసుకున్నాను.

పదింటి పాసింజర్ దొరికింది. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. గంటన్నర ప్రయాణం, బండి ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది కానీ మీరు దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం ఊళ్ళోకి మళ్ళీ బస్సెక్కాలి. దారిలో చీపురుపల్లి దాటాక పొందూరు స్టేషన్ వస్తుంది. అక్కడ బండి ఆగిన రెండు నిమిషాలూ నేను కిటికీ వైపు చూడకుండా తల దించుకు కూర్చున్నాను. సూరమ్మ అక్కడ ప్లాట్‌ఫాం మీద ఉండదని తెలుసు. అయినా మొహం చెల్లలేదు.

స్టేషన్ బయట ధాన్యం బస్తాల లారీలు దాటుకుని, ఎరువుల కొట్టు పక్కనే ఉంది అప్పారావు బావ రమణ దుకాణం. అప్పారావు చెప్పింది అక్షరాలా నిజం. నమస్కారం అన్నాను, ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు, విజయనగరం నుంచి అన్నాను, అంతే, స్క్రూలు తీసెయ్యడం మొదలుపెట్టాడు. మీటరు పెట్టి చార్జర్ చూశాడు, కరెంటు బాగానే ఇస్తోంది. అదే మీటరుతో లోపలి బోర్డు మీద చూశాడు, సున్నా. లోపలి ర్యామ్ ముక్క ఊడదీసి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ పెట్టాడు. చార్జర్ పిన్ను దూరే కన్నంలోకి టార్చి కొట్టి ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"బోర్డు పోనేదు మేడమ్. ఎవలు సెప్పినారు పోయిందని?" అన్నాడు రమణ. నేను ఎగిరి గంతేశాను, నిజంగానే. పక్కనున్న ఎరువుల కొట్టాయన తొంగి చూశాడు కూడా. "ఆగండాగండి. కరెంటు గుమ్మం దాకా వస్తంది, ఇంట్లోకి రావట్నేదు. ఈ సాకెట్టు లోపల పాడైనట్టున్నాది. ఇసాపట్నం నించి తెప్పించాల. రేపు సాయంత్రం రండి." రేపు పొద్దున్నకి సూరమ్మ బరంపురం బండిలో ఉంటుంది. సూదితో గెలికి చూడమన్నాను. "అమ్మో, నడిమిన ఉన్న పిన్ను ఇరిగిందంటే మొత్తం పోతాది," అన్నాడు. పోనీ డిస్కు తీసి మీ కంప్యూటర్‌కి పెట్టమన్నాను. అతని దగ్గరున్నది పాతకాలం నాటిది, దానికి ఈ డిస్కు తగలదట. స్క్రూలు బిగించి ఇచ్చేశాడు. ఎంత అడిగినా డబ్బు పుచ్చుకోలేదు, "పని అవనేదు కదా, దేనికి?" అన్నాడు.

ఒంటిగంటన్నర అయింది. స్టేషన్ ఎదురుగా హోటల్లో చేపల పులుసుతో భోజనం చేశాను. దుఃఖంలో ఉన్నా రెండోసారి అన్నం పెట్టించుకున్నాను, అంత బాగుంది పులుసు. అక్కడి నుంచి పొందూరుకి షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి, మనిషికి ఇరవై రూపాయలు, అరగంటలో దింపేస్తారు. ఫోన్లో చెప్పి తప్పించుకోవచ్చు, కానీ అంత పెద్ద మనిషికి ఎదురుగా వెళ్ళి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేను వెళ్ళేసరికి సూరమ్మ గోనె సంచిలో బట్టలు సర్దుకుంటోంది. చాపలు అప్పుడే పరిచేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని నలుగురిని సినిమాకి పిలిచేసింది కూడా! నేను గుమ్మంలోనే నిలబడి, లాప్‌టాప్ పనిచెయ్యడం లేదని, ఆమదాలవలసలో రమణ వల్ల కూడా కాలేదని, వీడియోలన్నీ అందులోనే ఉండిపోయాయని గడగడా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మరేటి సేస్తావు," అంది. "ఏటి జబ్బని సెప్పినాడు ఆ రమణ?"

"కరెంటు లోపలికి వెళ్ళడం లేదట మామ్మా. ఇదిగో, ఈ కన్నంలోంచి వెళ్ళాలి."

ఆవిడ లాప్‌టాప్‌ని ఒళ్ళోకి తీసుకుని ఆ కన్నం చుట్టూ చిటికెన వేలితో తడిమింది. "మొన్న ఇక్కడున్నప్పుడు దీన్ని ఎక్కడ పెట్టినావు?"

"ఇక్కడే, ఆ మూల. దూది బుట్ట పక్కన."

"ఓలమ్మా ఓలమ్మా!" అని సూరమ్మ నుదురు కొట్టుకుంది. "దూది బుట్ట పక్కన పెట్టినాదట! రోజూ నాను దువ్వుతుంటే గాలంతా దూదే కదే. ఈ ఇంట్లో కుట్టు మిసను ఆర్నెల్లకోపాలి ఇలాగే నోరు మూసుకుంటాది. రేడియో మూసుకున్నాది. నువ్వు రోజూ ఆ వైరు పెట్టి దూదిని లోపలికి కూరుకుంటా పోనావు. ఈ సంగతి ఆ రమణకి సెప్పినావా?"

చెప్పలేదు. విజయనగరం నుంచి వచ్చానన్నాను. పొందూరు మాటే ఎత్తలేదు.

బ్యాటరీ తీసెయ్యమంది, తీసేశాను. గూట్లోంచి పాత దవడ ముక్క ఒకటి తెచ్చింది, అరిగి అరిగి కొస సూదిలా అయిపోయింది, దాని మీద నాలుగైదు పళ్ళే మిగిలాయి. నేను కెవ్వుమన్నాను, నడుమ పిన్ను ఉంది మామ్మా, విరిగితే అయిపోయినట్టేనని. "ఊరుకో. గింజ ఇరక్కుండా దూది తియ్యడమే కదే నా పని, అరవయ్యేళ్ళ నించీ," అంది. కళ్ళు ఎలాగూ కనబడవని మూసేసుకుంది. వేళ్ళతోనే చూస్తూ ఎముక కొసని కన్నం అంచు వెంట నెమ్మదిగా తిప్పింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి బూడిద రంగులో చిన్న బిళ్ళ ఒకటి పళ్ళకి పట్టుకుని వచ్చేసింది, మినపగింజంత. దాని వెనక ఇంకొకటి. రమణ టార్చి వెలుగులో కన్నం అడుగనుకున్నది ఇదే! సూరమ్మ ఆ బిళ్ళని రెండు వేళ్ళ మధ్య నలిపి విడదీసి, "కొండపత్తి. మొన్న నువ్వొచ్చినాక మొదట దువ్విందిదే," అంది.

బ్యాటరీ పెట్టాను. చార్జర్ పెట్టాను. ఇంతకు ముందు పిన్ను సగంలో ఆగిపోయేదని, బ్యాటరీ కూడా అందుకే చార్జింగ్ లేక ఖాళీ అయిపోయిందని ఇప్పుడు తెలిసింది, ఈసారి టక్కున లోపలిదాకా దిగింది. నారింజ రంగు లైటు వెలిగింది! నేను అరిచిన అరుపుకి పిలిచిన నలుగురితో పాటు పిలవనివాళ్ళు కూడా వచ్చారు. వెంటనే రమణకి ఫోన్ చేశాను. "పొందూరని ముందే సెప్పాల కదా మేడమ్!" అని అతను ఫోన్లో తల బాదుకున్నంత పనిచేశాడు.

నాలుగున్నరకి సినిమా మొదలైంది. కత్తిరింపులు లేవు, ఏమీ లేవు, తీసింది తీసినట్టే, మూడు రోజులదీ కలిపి గంటసేపు. సూరమ్మ తెరకి ముక్కు ఆనించి కూర్చుంది. "మబ్బు మబ్బుగా ఉన్నాది. ఎర్ర కోక నాదేనా?" అంది. నీదే మామ్మా అని తెర వెలుగు ఇంకాస్త పెంచాను. తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుని రాట్నం చప్పుడు వింటూ కూర్చుంది. ఉన్నట్టుండి, "ఇప్పుడు తెగుతాది సూడు," అంది. తెర మీద పోగు పుటుక్కున తెగింది. అందరూ హోరున నవ్వారు. ఇంకో రెండుసార్లు అలాగే ముందే చెప్పింది, రెండుసార్లూ తెగింది. సినిమా అయ్యాక వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టాను. కొంగున ముడేసుకుంది. "కన్నొచ్చినాక బరంపురంలో మా అమ్మి కంపూటర్‌లో సరిగ్గా సూస్తాను. నీ దగ్గరున్నది సెరపకు," అని హెచ్చరించింది కూడా.

ఆరున్నర బండికి విజయనగరం తిరుగు ప్రయాణం కట్టాను. రోజంతా నేను చేసిన ప్రయాణం మ్యాపు మీద చూస్తే నవ్వొస్తుంది, రోగం ఎక్కడ అంటుకుందో ఆ గది తప్ప అన్ని చోట్లకీ ముందు తిరిగాను. షాపతను పెట్టెని చూశాడు, రమణ కరెంటుని చూశాడు, ఈ పెట్టె ఎక్కడ కూర్చుని వచ్చిందని అడిగింది మాత్రం సూరమ్మ ఒక్కతే. రాట్నాలు తిరిగే చోటికి లాప్‌టాప్ తీసుకెళ్ళేవాళ్ళు చార్జర్ కన్నానికి చిన్న టేపు ముక్క అంటించుకోండి, ఇది తప్ప నేనిచ్చే సలహా ఇంకేమీ లేదు.

మూడు వారాల తర్వాత బరంపురం నుంచి ఫోన్ వచ్చింది. హలో కూడా లేదు. "రెండు కళ్ళూ బాగున్నాయి. సినిమా సూసినాను," అంది సూరమ్మ.

"ఎలా ఉంది మామ్మా?" నాకు ఆత్రం ఆగలేదు.

"ఎలగుంటాది? ఎంతసేపూ నా మొకమే తీసినావు. ఈ ముసల్దాని మొకం ఎవలికి కావాలే? సేతులు తియ్యాల, సేతులు! వచ్చే నెల్లో నాను ఊరికి వస్తన్నాను. బేగి వచ్చెయ్యి. ఈపాలి ఎక్కడ సూడాలో నానే సూసి సెప్తాను."