లిఫ్టాయన కొన్న దొరబండి

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని అందరూ లిఫ్టాయన అనే పిలిచేవారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన ఊళ్లోవాళ్లను పైకీ కిందికీ మోసే యంత్రాలకు గ్రీజు పూస్తూ బతికాడు. మనుషుల మీద ఆయనకున్న అభిప్రాయమంతా ఆ ఇనుప గూళ్ల నెత్తిన కూర్చుని పనిచేసేటప్పుడు ఏర్పడిందే. మీట నొక్కడం తప్ప ఏమీ చేతకాని జనం, అర నిమిషం ఆలస్యమైతే కొంపలంటుకున్నట్టు తలుపులు బాదుతారు. బాగుచేసినవాడు ఎదురుగా నిలబడ్డా వాళ్ల కంటికి ఆనడు.

ఆ జనం మొత్తంలోకీ పనికిమాలినవాడు తన తోడల్లుడే అని ఆయన నమ్మకం. భార్య చెల్లెలి మొగుడైన ఆ మనిషి ఫ్లాట్లు కట్టి అమ్ముతాడు, మూడేళ్లకో కారు మారుస్తాడు. బానెట్ ఎలా తెరవాలో మాత్రం తెలియదు. ఒకసారి అద్దాలు తుడిచే నీళ్లు అయిపోతే బండి చెడిపోయిందని మెకానిక్కును పిలిపించుకున్న ఘనుడు.

ఒకనాడు ఒక అపార్టుమెంటు సెల్లారులో, నీళ్ల మోటారు పక్కన, పొడుగాటి నల్ల కారొకటి లిఫ్టాయన కంటపడింది. పంతొమ్మిదేళ్ల కిందటి దొరబండి. గాలితో నిలబడే దాని సస్పెన్షన్ చచ్చిపోయి, కడుపు నేలకానించి పడుకున్న ఏనుగులా ఉంది. దుమ్ము మీద ఎవరో వేలితో పిల్లిబొమ్మ గీశారు. అది మూడో అంతస్తు వకీలుదని తెలిసి పైకెళ్లి అడిగాడు.

"ఒక స్కూటరు డబ్బులిచ్చి తోలుకుపోవయ్యా. నా జాగా నాకు ఖాళీ అయితే చాలు," అన్నాడు వకీలు, పేపర్లోంచి తలెత్తకుండానే.

బండిని లాగించుకొచ్చి ఇంటి ముందు నిలిపితే, బట్టలు కుట్టే భార్య మిషను ఆపి వీధిలోకి తొంగిచూసింది. "ఏనుగుని కొనడం గొప్పకాదు. దాన్ని మేపేదెవరు?"

"నేనే."

"ముందు నన్ను మేపండి, తర్వాత చూద్దాం," అంది గానీ, ఆ రాత్రే చిరిగిన సీటు తోలు వేళ్లతో తడిమి చూసింది.

కంపెనీ గ్యారేజీలో నున్నగా తల దువ్వుకున్న కుర్రవాడొకడు కాఫీ ఇచ్చి ఖర్చు కాగితం చేతిలో పెట్టాడు. నాలుగు గాలి బుడ్డలకే, కారుకిచ్చిన దానికి మూడింతలు. "బండి తెలిసినవాడెవడైనా ఉన్నాడా లోపల, అందరూ నీలాంటి వాళ్లేనా?" అని అడిగి, లిఫ్టాయన కాఫీ పూర్తిగా తాగి మరీ బయటికొచ్చాడు.

తర్వాత ఏడు నెలలు, ప్రతి ఆదివారమూ అదే పని. పాతసామాన్ల దుకాణాలు గాలించి, అంతే బరువున్న మరో బండి ఇనుప స్ప్రింగులు తెచ్చి బిగించాడు. ఏనుగు లేచి నిలబడింది. కాళ్ల కింద కార్పెట్ ఎందుకు తడుస్తోందో వెతికితే, పైకప్పు అద్దం నీళ్లు దిగే గొట్టాలు ఆకుల మురికితో పూడిపోయి ఉన్నాయి. స్కూటరు క్లచ్ వైరు దూర్చి వాటిని పొడిచాడు. ఇంజను జబ్బుపడితే వెలగాల్సిన బల్బు ఎందుకు వెలగడం లేదో చూద్దామని డాష్‌బోర్డు విప్పితే, ఎవడో మహానుభావుడు దాని మీద నల్ల టేపు అతికించి పెట్టాడు.

"రోగం కుదర్చలేక రోగి నోరు నొక్కాడు, వెధవ," అన్నాడు లిఫ్టాయన. టేపు పీకాక ఆ బల్బు ఆరడానికి ఇంకో నెలన్నర పట్టింది. సీట్లు భార్య కుట్టింది. మూడు సూదులు విరిగాయి, నాలుగోది లావుపాటిది తెచ్చుకుంది. పనంతా అయ్యాక, "మీ ఇంజను కన్నా నా కుట్టే తిన్నగా వచ్చింది," అని తేల్చింది.

మొదట్లో, "ఏంటన్నయ్యా, పాతినుము బేరంలోకి దిగావా?" అని నవ్విన తోడల్లుడు, పాలిష్ పట్టిన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి నోరు మూసుకున్నాడు. వారం తర్వాత తనే వచ్చాడు.

"ఒక పెద్దాయన నా బిల్డింగు చూడ్డానికి వస్తున్నాడు. అంతస్తు మొత్తం కొంటాడట. నా కారులాంటివి వాళ్ల పనివాళ్లకే ఉన్నాయి. నీది ఒక్క పూట ఇవ్వన్నయ్యా."

"నీ చేతికివ్వను. నేనే నడుపుతా."

పెద్దాయన ఇంటి ముందు ఆగగానే, తోడల్లుడు ఇటు చూడకుండానే, "డ్రైవర్, డోర్ తియ్యి," అన్నాడు.

లిఫ్టాయన దిగి తలుపు తీశాడు. మొహంలో ఏమీ లేదు. పెద్దాయన వెనక తలుపు వదిలేసి ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఇలాంటిదే నాకూ ఉండేదయ్యా. గాలి బుడ్డలు పోయి చతికిలపడితే అమ్మేశాను. ఇదెలా నిలబడింది?"

"స్ప్రింగులేశానండీ."

"నువ్వేశావా? డ్రైవరువి కాదా?"

లిఫ్టాయన అద్దంలో వెనక్కి చూశాడు. తోడల్లుడు కిటికీలోంచి లోకాన్ని పరీక్షిస్తున్నాడు. "కాదండీ. వెనకాల ఉన్నాయన నా తోడల్లుడు. నేను లిఫ్టులు బాగుచేస్తాను."

"ఇంకేం! ఈయన బిల్డింగులో లిఫ్టు ఎలాంటిదో నువ్వే చెప్పు. మా ఆవిడ మెట్లెక్కలేదు."

రెండు నెలల కిందటే లిఫ్టాయన ఆ లిఫ్టు చూశాడు. బ్రేకు అరిగిపోయింది, నమ్మొద్దని చెప్తే తోడల్లుడు భుజం తట్టి నవ్వాడు.

"తలుపులు కొత్తవండీ. మోటారు మాత్రం కూల్చేసిన బిల్డింగులోంచి తెచ్చింది. బ్రేకు పట్టదు."

పెద్దాయన కారు వెనక్కి తిప్పమన్నాడు. ఆయన దిగిపోయాక తోడల్లుడు, "ఒక్క మాటతో నా కొంప ముంచావు కదన్నయ్యా!" అని గావుకేక పెట్టాడు.

"డ్రైవరు మాటకి కొంపలు మునుగుతాయా తమ్ముడూ?"

ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. భార్య నవ్వలేదు.

"ఆ బ్రేకు సంగతి మీకు రెండు నెలలుగా తెలుసు. కింది అంతస్తుల్లో అప్పుడే నాలుగు కుటుంబాలు దిగాయి. వాళ్లకి చెప్పారా?"

"లేదు."

"మరి ఇవాళ నిజం చెప్పారా, కసి తీర్చుకున్నారా?"

లిఫ్టాయనకి ఇన్నేళ్లూ లోకం మీద ఉమ్మిన ఉమ్ము తన మొహానే పడ్డట్టయింది. మర్నాడు పొద్దున్నే ఆ బిల్డింగుకు వెళ్లి లిఫ్టు కరెంటు తీసేశాడు, నాలుగిళ్ల తలుపులూ తట్టి సంగతి చెప్పాడు, లిఫ్టుల తనిఖీ ఆఫీసులో తన పేరుతోనే కాగితం రాసిచ్చాడు. రెండు నెలలుగా నోరు మూసుకున్నందుకు ఒకావిడ ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. పడ్డాడు.

తోడల్లుడు ఏడుస్తూ కొత్త మోటారు పెట్టించాడు. పెట్టించి, "సరికొత్త లిఫ్టు" అని బోర్డు రాయించి, ఫ్లాటు ధర పెంచి అమ్ముకున్నాడు. అలాంటివాళ్లు అలాగే బతుకుతారు. అక్కచెల్లెళ్లకు మాత్రం ఐదు నెలలు మాటల్లేవు.

చివరికి మరదలే వచ్చింది. "బావా, అమ్మని కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మా కారు ఎత్తు, ఎక్కలేకపోతోంది."

లిఫ్టాయన అత్తగారిని మెల్లగా వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కూతుళ్లిద్దరూ చెరోపక్కా ఎక్కారు, మొదట మూతులు ముడుచుకుని, రెండో సిగ్నలు దాటాక గుసగుసలాడుకుంటూ. ఆస్పత్రి మలుపు దగ్గర ముసలావిడ ముక్కు ఎగబీల్చి, "అంతా బానే ఉంది గానీ అల్లుడూ, ఎలక కంపు కొడుతోందే," అంది.

మరొకరైతే ఆయన నాలుకతో చీరేసేవాడు. "వెతుకుతానత్తయ్యా," అని కిటికీ అద్దం దించాడు.