ఆయన చెవిలో నేను వేసిన మాట

"మల్ల పంచె తడిపినవా? నీకన్న గొర్రెలు నయం!"

"కావాలని చేస్తన్ననానే? ఆపుకుందామంటే ఆగుతలేదు. దవాఖానకు తోల్కపో."

"పోదాం తియ్. జర మెల్లగ మాట్లాడు, పక్కింటోళ్లు ఇంటరు."

"చెవిటోనికి మెల్లగేంది, గట్టిగేందే?"

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయనతో పడిన కొట్లాట ఇది. ఆ రోజు నేనాడిన అబద్ధం ఇన్నేళ్ళుగా కడుపులో కుళ్ళుతూనే ఉంది. బడికి నాలుగు రోజులు పోయినదాన్ని, రాత వంకరగా ఉన్నా చదువు. నువ్వెవరివైనా సరే, నీకే చెబుతున్నాను.

అప్పటికే ఆయనకు డెబ్బై దాటాయి. ఎవరేమన్నా నేను చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. కోస్గి దవాఖానలో డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. "అవ్వా, ప్రొస్టేట్ గడ్డ వాచింది. వయసుతో వచ్చే వాపు కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. రక్తపరీక్షతో కొంత తెలుస్తది. అనుమానముంటే పాలమూరు పెద్ద దవాఖానకు పోయి, గడ్డల నుంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాలె. ఈ వయసుల అందరికీ దాంతోటి మేలైతదని చెప్పలేను. తాతనే అడుగు. బయట కూసొని నిదానంగ సమజ్ చేసి చెప్పు."

నేనేం చేశాను? ఆ నెలంతా పరాయి చేలలో మా గొర్రెల మంద పెడతామని మాటిచ్చి ఉన్నాను. రాత్రిళ్ళు గొర్రెలు చేలో పడుకుంటే, ఆ ఎరువుకు రైతులు జొన్నలు పెడతారు. ఆయన పాలమూరు పోతే కాపలాకు కూలి మనిషిని పెట్టాలి. అందుకు నాకు మనసొప్పలేదు. ఆయన్ను దవాఖాన బయట చెట్టు కిందికి తీసుకుపోయి చెవిలో అరిచాను.

"ముసలోళ్లకు గిట్లనే ఉంటదట. పరీక్ష అక్కర్లేదట!"

లోపలికి పోయి, "వద్దంటున్నడమ్మా" అన్నాను.

కొన్నేళ్ళకు అది క్యాన్సరేనని, నడుము ఎముకల్లోకి పాకిందని అన్నారు. అప్పుడే పరీక్ష చేయిస్తే బతికేవాడా? డాక్టరమ్మే చెప్పలేనన్నది, నేనేం చెప్పను? కానీ ఆయన ఒంటి సంగతి ఆయన్ను అడగమంటే, అడగకుండా, ఆయన జవాబు కూడా నేనే చెప్పి, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు రొట్టెలు చేసిపెట్టిన నన్ను ఏమనాలి? ఆ పంచె వాసనకు ముక్కు మూసుకున్నదాన్ని. ఇప్పుడు నా నోరు తలుచుకుంటే నాకే ఓకరింత వస్తుంది. తప్పయిందని చెప్పడానికి ఆయన లేడు. నువ్వు జాలిపడకు. కక్కేశాను, కడుపు కొంచెం తేలికైంది. అంతే.

కోస్గి పోయొచ్చిన మరుసటి పొద్దున నేను లేచేసరికి ఆయన తన పంచె తానే ఉతికి కంచె మీద ఆరేశాడు.

"రోగమేం లేదన్నరు కదనే. ఇంక తిట్టకు" అని నవ్వి, గొర్రెలను తోలుకుని పోయాడు.