చెయ్యని పాపానికి చేయించిన బంగారు పిల్లి

మొన్న సంతనాడు సాలూరు నుంచి వచ్చిన కొత్త వర్తకుడొకడు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఒక మాటన్నాడు. "మీ వీధికి పిల్లుల పీడ వదిలిందంటే గవరయ్య శెట్టిగారి పుణ్యమేనట కదమ్మా! బంగారు పిల్లిని దానమిచ్చారట!"

అతని చేతిలో చెంబు లాక్కుందామనిపించింది. ఇంటికొచ్చినవాడు కదా అని ఊరుకున్నాను. ఆ పుణ్యమేమిటో, ఆ బంగారమేమిటో ఈ వీధిలో అందరికంటే నాకే బాగా తెలుసు. అడగకపోతే అన్నం సహించని మనిషిని నేను. అన్నీ అడిగాను, అన్నీ చూశాను. ఆ పుణ్యం శెట్టిది కాదు, గంగది. నాలుగో తరగతి దాకా చదివిన చదువు ఇదంతా రాసిపెట్టడానికైనా పనికిరాకపోతే ఎందుకు?

అరకు సంతవీధిలో ఉన్నవాళ్లమందరం కింద నుంచి ఘాటీ ఎక్కి వచ్చినవాళ్లమే. ఉప్పూ బట్టలూ తెచ్చాం. పసుపూ చింతపండూ పిప్పళ్లూ కొన్నాం. గోదాముల్లో ఎలకలు చేరితే, బళ్లమీద పిల్లుల్ని కూడా తెచ్చుకున్నాం. తెచ్చినప్పుడు ముద్దే. అవి పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని పెట్టి, కప్పుల మీద రాత్రల్లా ఏడవడం మొదలెట్టాక బరువైపోయాయి. మరేం చేశారు మన పెద్దమనుషులు? గోనెసంచిలో వేసి మూతి కట్టి గెడ్డ దాటి, ఆ వాగు అవతల పడేసి వచ్చేవారు. "చంపలేదు కద, వొదిలీసాం" అనేవారు. కళ్లు తెరవని కూనని నక్కలు తిరిగే చోట వదిలితే అది చంపడం కాదట!

ఆ సంచుల మూతులు విప్పి, గంపలో పెట్టుకుని తిరిగి తెచ్చేది గంగ.

గంగది పక్క కొండమీది ఊరు. మొగుడు మూటలు మోయడానికి ఘాటీ దిగి, జ్వరంతో తిరిగొచ్చి, కొండవాళ్లు తిరగబడి పితూరీ చేసిన ఏడే పోయాడు. పిల్లల్లేరు. గవరయ్య శెట్టి గోదాము ఊడ్చి, ధాన్యం చెరిగి, పిప్పళ్లలో రాళ్లేరి పెడితే, గోదాము వెనక పాకలో ఉండనిచ్చాడు. పొడుగ్గా, ఎండిన వెదురులా ఉంటుంది. మాట తక్కువ. అలాంటివాళ్లను చూస్తే నాకు నోరాగదు.

పొద్దు వాలేవేళకి ఆమె కొబ్బరిచిప్ప మీద పుల్లతో కొట్టేది. టకటకమని చప్పుడవగానే ఎక్కడెక్కడి పిల్లులూ దిగి పాక ముందుకి చేరేవి. చోడి అంబలిలో ఇంత ఎండుచేపల నీళ్లు కలిపి పెట్టేది.

"తిండి పెట్టి మేపితే ఇంకా పెరగవేటే?" అన్నాను ఒకరోజు, గోడ మీంచి తొంగిచూసి.

"తిండి పెడితేనే నా కాడికి వత్తాయి పెద్దమ్మా. వత్తేనే కదా, ఏది సూడిదో, ఏది పోతో తెలుస్తాది."

ఆ పోతుల సంగతి తర్వాత తెలిసింది. గంగ తమ్ముడు సోంబరు మేకపోతులకి బీజాలు తీసే మనిషి. సంతకి వచ్చిన రోజున వాణ్ని కూర్చోబెట్టి, ఒక పోతుపిల్లిని సన్నమూతి బుట్టలోకి తల ముందుగా దూర్చింది. గోడ మీంచి సగం ఒరిగిపోయాను నేను.

"ఏటే గంగా! ఏటి సేత్తన్నారు దాన్ని?"

"మేకకి సేసినట్టే."

"అయ్యో, నొప్పెయ్యదేటే!"

"ఏత్తాది. ఒకపూట." పసుపూ ఆముదమూ రాస్తూ తల తిప్పకుండానే అంది. "సంచిలో కట్టి గెడ్డవతల పారీసిన్నాడు ఎన్నిపూట్లు నొప్పేసిందో ఎవులైనా ఎల్లి సూసారేటి?"

గోడ దిగిపోయాను. 

పోతుల సంగతి అలా. ఇక కూనలు. తల్లిపాలు మాని తమంతట తాము తినడం వచ్చాక సంతకి తీసుకెళ్లేది. కొండ ఊళ్లలో చోళ్లు దాచుకునే ఇళ్లకి పిల్లి కావాలి. ఊరికే ఇచ్చేది కాదు. అమ్మేదీ కాదు. అడగవలసినవి అడిగేది. మీ ఊళ్లో వేటకుక్కలున్నాయా? కోళ్లని రాత్రి గంప కింద మూస్తారా? ముసలిదైపోతే ఏం చేస్తారు? జవాబు నచ్చితేనే గంప మూత తీసేది. నచ్చకపోతే మూసేది. నచ్చినవాళ్లు ఒక చిటికెడు ఉప్పు ఆమె చేతిలో పెట్టి పిల్లని తీసుకుపోవాలి. అది ఎవరో పెట్టిన ఆచారం కాదు, గంగ పెట్టుకున్న నియమం. కొండమీద ఉప్పు విలువ తెలిసినవాడు ఉప్పిచ్చి తీసుకున్నదాన్ని పారెయ్యడని.

రెండు మూడేళ్లలో వీధి కుదుటపడింది. రాత్రిళ్లు కప్పుల మీద ఏడుపులు ఆగాయి. ఆగిందెందుకో ఒక్కరూ అడగలేదు.

అప్పుడు గవరయ్య శెట్టి గోదాములో ఒక ముసలి పిల్లి, కొత్త కోరాబట్టల మూట మీద ఈనింది. అదీ జరిగిన నేరం. ఆ బట్ట కొండవాళ్లకి పెళ్లిళ్ల రోజుల్లో అమ్మాల్సింది. శెట్టి వీధిలోకొచ్చి గంతులేశాడు. "ఒక్క పిల్లి మిగలకూడదు" అన్నాడు. కోపంలో అన్నాడనుకున్నాను.

నాలుగు రోజులు గడిచాక ఆయన భార్య వరాలమ్మ పసుపు దంచుతుంటే సాయానికి వెళ్లాను. సాయానికని కాదు, నిజం చెప్పాలంటే ఇంట్లో ఏమవుతోందో చూద్దామని. కర్పూరం భరిణె తెరిచి ఉంది. అందులో చిక్కుడుగింజంత బంగారు బొమ్మ. తోకా, చెవులూ ఉన్నాయి.

"ఏటే వరాలూ ఇది?"

"పిల్లి పెద్దమ్మా. సాలూరు కంసాలి చేత మా ఆయన చేయించారు."

"పిల్లేటి?"

"పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానమివ్వాలిట కద. ఆ పాపానికి."

"ఏ పాపానికే? ఎప్పుడు చేశాడు?"

వరాలమ్మ రోకలి ఆపి, నేలచూపులు చూసింది. "ఇంకా చెయ్యలేదు."

 రేపటి పెరుగుకి ఇవాళే తోడేసి ఉంచుకున్నట్టు ప్రాయశ్చిత్తాన్ని ముందే చేయించి భరిణెలో దాచుకున్నాడు మహానుభావుడు! అడగ్గా అడగ్గా మిగతాదీ చెప్పింది. కొండవాళ్లు అడవిలో ఏరి తెచ్చే ముషిణి గింజలు విషం. శెట్టి వాటిని బస్తాలకెత్తి కిందికి పంపే వ్యాపారమే చేస్తాడు. ఆ గింజల పొడి అన్నంలో కలిపి పిల్లులకి పెట్టాలి. పెట్టవలసిన చెయ్యి ఎవరిదనుకున్నారు? గంగది. పిల్లులు చిప్ప చప్పుడికి తప్ప రావు కదా!

ఆ సాయంత్రమే గంగని అడిగాను.

"సెప్పీసినాడు పెద్దమ్మా. వొచ్చే సంత పొద్దుట పెట్టాల. పెట్టకపోతే పాక వొదిలి పొమ్మన్నాడు."

"నువ్వేటన్నావు?"

"నాకు పాపం వొద్దు సావుకారూ అన్నాను. పాపం నీది కాదు గంగా, నాది, దానికి బంగారం చేయించీశానన్నాడు." అంబలి కుండ కడుగుతూ నన్ను చూసింది. "పాపాలు అలా పంచుకుంటారేటి మీలో?"

 మీలో అంది. అందులో నేనూ ఉన్నాను.

తిన్నగా పురోహితుడు విశ్వపతి శాస్త్రిగారింటికి నడిచాను. "శాస్త్రులుగారూ, ఒక బంగారు పిల్లి ఎన్ని పిల్లులకి సరిపోతుందండీ?"

"ఒక ప్రాణానికి ఒక ప్రతిమ తల్లీ."

"చంపకముందే చేయించుకోవచ్చాండీ?"

ఆయన దగ్గారు. "బంగారం సిద్ధంగా ఉంచుకోవడంలో తప్పులేదు" అన్నారు. తప్పులేదట! దానం పుచ్చుకునేది ఎవరో తెలిసిందేగా.

ఒక ప్రాణానికి ఒక ప్రతిమ అన్న మొదటి మాట మాత్రం ఉన్నదున్నట్టు గంగకి చేరవేశాను. ఆమె చిప్పని ఒళ్లో పెట్టుకుని దాని అంచు వేలితో నిమురుతూ కూర్చుంది. ఆ పాక పోతే తలదాచుకోవడానికి ఆమెకి ఈ వీధిలో ఇంకో చూరు లేదు. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు, శెట్టికి మరీ బాగా తెలుసు.

సంతనాడు పొద్దున్నే శెట్టి అన్నం పళ్లెం ఆమె చేతికిచ్చి లోపలికి పోబోయాడు. గంగ వెనక పాక దగ్గరికి వెళ్లలేదు. పళ్లెం తలమీద పెట్టుకుని దుకాణం ముందు నిలబడి, వేళ కాని వేళ చిప్ప కొట్టింది. సంతకి దిగిన జనమంతా ఆగి చూస్తున్నారు. పిల్లులు వచ్చాయి. చూర్ల మీంచి, బళ్ల కింద నుంచి, మా పెరట్లోంచి. అన్నీ వచ్చి ఆమె చుట్టూ కూర్చుని పళ్లెంవైపు మొహాలెత్తాయి.

"సావుకారూ!" గంగ గట్టిగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. "నీ బంగారం ఒక్క పిల్లికే కద. ఆ పిల్లి ఏదో సూపించు. దానికొక్కదానికే పెడతాను. మిగతా ఈటికి నీ కాడ బంగారం నేదు."

శెట్టి మొహం మాడిపోయింది. "ఏటా వాగుడు? బేగి కానీ!"

"సూపించు మరి. వేలెత్తి సూపించు సాలు."

"సూపించు నాయనా గవరయ్యా," అన్నాను అరుగు దిగి. "శాస్త్రులుగారే చెప్పారు, ఒక ప్రాణానికి ఒకటేనట. నీకు నచ్చిందేదో చూసుకో!"

జనంలో ఎవరో నవ్వారు. ఇంతలో కోరాబట్టల మీద ఈనిన ఆ ముసలిది, ఏ నేరమూ ఎరగనట్టు, శెట్టి కాలికి ఒళ్లు రాసుకుంది. ఇన్నాళ్లు అతని గోదాము కాసిన పిల్లే. శెట్టి చెయ్యి పంచె అంచు దగ్గరే ఉండిపోయింది. వేలెత్తితే తన చేత్తో పెట్టినట్టే. ఆ మాత్రం లెక్క అతనికీ తెలుసు.

"పో! నా పాక వొదిలి పో!" అని మాత్రం అరవగలిగాడు.

గంగ వీధి చివర గొయ్యి తీసి ఆ అన్నం పాతి, పైన బండ దొర్లించింది. చిప్పా, కుండా, గంపా తెచ్చుకుంది. "ఇటు రావే" అన్నాను. మా ఎడ్లసావిడిలో ఒక మూల ఖాళీ చేయించాను. సాయంత్రం అక్కడే చిప్ప మోగింది. పిల్లులన్నీ అక్కడికే వచ్చాయి.

ఇక బంగారు పిల్లి. సంకల్పం చెప్పుకున్న బంగారం ఇంట్లో ఉంచుకోకూడదని శాస్త్రిగారు సెలవిచ్చి, చంపని పిల్లుల పాపానికి తానే దానం పట్టారు. అదీ ఈ వీధి పుణ్యకథ! పిల్లులు తగ్గింది గంగ చేతిమీద. పేరొచ్చింది చిక్కుడుగింజకి.

మజ్జిగ తాగిన ఆ వర్తకుణ్ని ఊరికే పోనివ్వలేదు నేను. "రావయ్యా, ఆ పుణ్యం చూద్దువుగాని" అని, గంగ పెట్టుకున్న ఉప్పు నియమం దారిలో చెబుతూ ఎడ్లసావిడికి తీసుకెళ్లాను. గంగ గంపలో మూడు కూనలున్నాయి. ఒకటి పులిచారలది. చూడగానే అతనికి నచ్చింది.

"మా దుకాణానికి ఒకటియ్యమ్మా, ఎలకలు సంపేత్తన్నాయి."

గంగ కుక్క సంగతి అడిగింది, లేదన్నాడు. పాల సంగతి అడిగింది, ఆవుందన్నాడు.

"ముసలిదైపోతే?"

"అప్పుడు సూసుకుందాం లెద్దూ!" నవ్వుతూ ఉప్పు కోసం నా వైపు చెయ్యి చాపాడు.

గంగ గంప మూత పెట్టేసింది.