ఎర్ర డబ్బా కింది పగడం

మా పెదనాన్నను రేవులో అందరూ ముక్కోపి అంటారు. పడవల అడుగున పట్టి పెరిగే నాచు, గుల్లలు గీకడం ఆయన పని. గాలి గొట్టం నోట్లో పెట్టుకుని దిగాడంటే పూట గడిచేదాకా పైకి రాడు. "నీళ్ల కిందవాళ్లకి నోరు లేదు, అందుకే వాళ్లతో నాకు పడుతుంది" అంటాడు.

రేవు ఎదుటి పగడపు దిబ్బ మధ్యలో గదంత గుండు పగడం ఉండేది. ఏడాదికి గోరంత పెరిగే ప్రాణి, మా ముత్తాతల కంటే పెద్దది. దాని గూళ్లలో నీలి చేపలు కాపురముండేవి.

విహారపు పడవలు వచ్చాక లంగర్లు దిబ్బ మీద పడసాగాయి. పెదనాన్న ఆ గుండు పక్కన ఎర్ర డబ్బా ఒకటి తాడుతో కట్టి నీళ్ల మీద తేల్చాడు. "డబ్బా కనబడితే లంగరు వెయ్యకండి, దూరంగా ఇసుకలో వేసుకోండి" అని పడవ పడవకూ వెళ్లి చెప్పాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వారు. వారం తిరక్కుండా పడవలన్నీ ఆ డబ్బా చుట్టూనే చేరాయి. పగడాలు బాగా కనబడే చోటు వెతికే శ్రమ తప్పించాడట! అందులో మొదటి పడవ మా నాన్నది. కూతురిని కనక సిగ్గుతో చెబుతున్నాను.

నాన్న భోంచేస్తుంటే పెదనాన్న తడిబట్టలతోనే వచ్చి, విరిగిన పగడం ముక్క కంచం పక్కన పెట్టాడు.

"నీ లంగరు గొలుసు ఈడ్చిందిరా. గుండు రెండు చెక్కలైంది. చేపలు ఎక్కడికి పోవాలో తెలీక ఇంకా అక్కడే తిరుగుతున్నాయి."

"గుర్తు పెట్టింది నువ్వే కదన్నయ్యా" అన్నాడు నాన్న, తలెత్తకుండా.

పెదనాన్న ఆ సాయంత్రమే వెళ్లి డబ్బా తాడు కోసేశాడు. మర్నాడు కూడా పడవలు సరిగ్గా అక్కడే ఆగాయి. అప్పటికే ఆ చోటు అందరి ఫోన్లలోకీ ఎక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడితే మనమేం చేస్తామని చేతులు దులుపుకుంటారు సరే, లంగరు వేసేది ఆ చేతులే కదా.

ఇసుకలో లంగరు వేసేవాడి పడవే గీకుతానని పెదనాన్న తేల్చి చెప్పాడు. ఆ పని తెలిసినవాడు రేవులో మరొకడు లేడు. ఇద్దరు ముగ్గురు దారికొచ్చారు. నాన్న రాలేదు. రెండు నెలలకు ఆయన పడవది నత్తనడకైంది. చివరికి అన్న గుమ్మం ఎక్కాడు.

"అడుగంతా గుల్లలేనన్నయ్యా. ఒక్కసారి దిగి గీకవా."

"లంగరు ఎక్కడ వేస్తున్నావు?"

నాన్న చూపు దిబ్బ వైపు పోయింది.

"అయితే ఆ గుల్లల్ని ఉండనీరా" అన్నాడు పెదనాన్న, గీకుడు కత్తి తుడిచి లోపల పెట్టేస్తూ. "అక్కడ వాళ్లిల్లు కూల్చావు. నీ పడవ కింద వీళ్లనైనా బతకనీ."