వంజీరు టీచరమ్మకు నేనే ఎదురొచ్చాను

నిన్న పొద్దున్న మా మనవరాలు పొయ్యి మీద మొక్కజొన్న పిండి కలుపుతూ ఫోను చూసుకుంటూ కూర్చుంది. పిండి అడుగంటింది. ఆ మాడు వాసన ముక్కుకి తగలగానే దాన్ని నాలుగు తిట్టాల్సింది పోయి, గిన్నె పక్కనే చతికిలబడి ఆ వాసన పీలుస్తూ ఉండిపోయాను. "ఏంటి అమ్మమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడింది. "బాగానే ఉంది. పుస్తకం తెచ్చుకో. నేను చెబుతాను, నువ్వు రాయి" అన్నాను. నాకు సంతకం చేయడం, బస్సు మీద ఊరి పేరు చదవడం, అంతవరకే వచ్చు. ఆ రెండూ నేర్పిన మనిషి గురించే ఈ మాటలు.

ఎనభైల్లో సంగతి. నూజివీడులో పెద్ద చదువు చదవడానికి కెన్యా దేశం నుంచి ఒకావిడ వచ్చింది. పేరు వంజీరు. ముప్ఫై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊరి బడిలో ఆరేళ్ళు పాఠాలు చెప్పి, సెలవు పెట్టి వచ్చింది. గది కోసం మూడిళ్ళకి వెళితే ఒకరు మాంసం తింటావన్నారు, ఒకరు పిల్లలు జడుసుకుంటారన్నారు, ఒకరు తలుపే తీయలేదు. నాలుగోది నా ఇల్లు. అప్పటికి నా మొగుడు పోయి మూడేళ్ళు. మామిడి తోటల్లో కూలి చేసుకుంటూ, కూతుర్ని మా అమ్మ దగ్గర ఉంచి, ఒక్కదాన్నే బతుకుతున్నాను. మొగుడు పోయినదాని ఇంట్లో అద్దెకుండటానికి సంసారులెవరూ రారు కాబట్టి నా వసారా గది ఖాళీగానే ఉండేది. అలా ఎవరికీ అక్కర్లేని గదిలోకి ఎవరికీ అక్కర్లేని మనిషి వచ్చి దిగింది.

మర్నాడు కుంపటి మీద మొక్కజొన్న పిండి ఉడకేస్తూ "ఉగాలి" అంది. నేను ఉగాది అనుకున్నాను. "ఆషాఢంలో ఉగాదేంటి తల్లీ" అన్నాను. తను అదేదో వంట పేరేమోనని తలూపి, "ఉగాది, ఉగాది" అని, తినమని సైగ చేస్తూ పళ్ళెంలో పెట్టింది. మా ఊళ్ళో మొక్కజొన్న కోళ్ళ మేతకే. పిండిమర వాడు "రత్తమ్మా, కోళ్ళ ఫారం పెట్టావా?" అని రోజూ వేళాకోళం చేసేవాడు. టీచరమ్మకి తెలుగు మాటలు వచ్చిందంతా నా దగ్గరే. అక్షరాలు మాత్రం తను కాలేజీలో నేర్చుకొచ్చి, రాత్రిళ్ళు నా చేత దిద్దించేది. ఒకసారి కాలేజీలో లెక్చరర్ గారితో "ఏంటండి బాబూ, ఇంతాలీసం చేశారు" అందట. ఆయన పగలబడి నవ్వి, "మీ తెలుగు తోటలో పండిందా అమ్మా?" అన్నాడట.

ఒకరోజు ఇద్దరం కలిసి బజారుకి వెళుతున్నాం. ఎదురుగా సైకిలు మీద వస్తున్నవాడు నన్ను చూసి గబుక్కున దిగి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాస్త ముందుకి వెళితే సంచితో బయల్దేరిన పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నాకు అలవాటే. నా మొహం చూసి బయల్దేరితే పని చెడుతుందని వాళ్ళ నమ్మకం. టీచరమ్మ మాత్రం కళ్ళు పెద్దవి చేసి, "రత్తమ్మా! నీకు ఈ ఊళ్ళో ఎంత మర్యాద! నువ్వు వస్తుంటే మగాళ్ళు కూడా ఆగి దారిస్తున్నారే" అంది. నిజం చెబుదామనుకున్నాను. కానీ ఆ అపార్థం ఎంత బాగుందో! మూడేళ్ళ తర్వాత ఒక మనిషి నన్ను చూసి గర్వపడుతోంది. "ఆ, ఏదో" అని ఊరుకున్నాను. ఆ రోజు నుంచి తను పక్కనుంటే తల కాస్త ఎత్తే నడిచేదాన్ని.

శీతాకాలంలో తను మంచం దిగడం మానేసింది. జ్వరమనుకుని మాత్రలు తెచ్చాను. ఒళ్ళు చల్లగానే ఉంది. గోడ వైపు తిరిగి పడుకుని, "మూడు రోజులుగా నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు" అంది. తనతో పాటు వాళ్ళ దేశం నుంచి ఇంకో అమ్మాయి వచ్చి విశాఖపట్నంలో చేరిందట. గదిలో ఒంటరిగా గోడతో మాట్లాడుకుంటూ ఉండి, ఆరు నెలలకే చదువు వదిలి వెళ్ళిపోయిందట. "నేను అలా వెళితే మా బడి పిల్లలకి ఏం చెప్పను? నాలుగు తరగతులు ఒక్క గదిలో. నేను వస్తానని ఎదురు చూస్తున్నారు" అంది. నాకు మందు తెలియదు, మాయ తెలియదు. చెయ్యి పట్టి లాక్కుని వీధి పంపు దగ్గరికి తీసుకెళ్ళాను. బిందెలు పట్టుకునే ఆడాళ్ళతో, "ఈవిడకి పేరుంది. పేరు చెప్పినాకే నీళ్ళు పట్టుకోండి" అని పంపుకి అడ్డంగా నిలబడ్డాను. పక్కింటి మహాలక్ష్మమ్మ విసుక్కుంటూ "ఏదో వంజరం అంటగా" అంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ వంజరం అనే అన్నారు. "వంజరం అంటే ఏంటి?" అనడిగింది టీచరమ్మ. "చేప. మాలాంటోళ్ళం కొనలేం" అన్నాను. అంత చలిలో పంపు గట్టు మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

వేసవి వచ్చింది. కాయ కోతకొచ్చే రోజులూ, తన పరీక్షలూ ఒకటే. నేను కూలికి పోయే తోటని వేలం పాటలో పాడుకున్న షావుకారు గారు నన్ను పిలిపించాడు. తొలికోత నాడు నాలాంటివాళ్ళు తోటలో కనబడకూడదు. రెండో రోజు నుంచి మాత్రం మా చేతులు కాయని ముట్టుకున్నా ఏ దోషమూ ఉండదు.

"ఎల్లుండి తొలికోత. ఈలోపు నీ ఇంట్లోంచి ఆ నల్లదాన్ని పంపించేయ్. నువ్వొకదానివి చాలదన్నట్టు అదొకతా?"

"ఆవిడకి పరీక్షలున్నాయండి. ఇంకో నెల."

"నా సరుకు దారిలో కుళ్ళిపోతే ఆ పరీక్షలు తినమంటావా? అది ఉంటే నువ్వు పనికి రాకు."

ఇంటికొచ్చేసరికి ఆ మాట నాకంటే ముందే వచ్చింది. టీచరమ్మ పెట్టె సర్దుకుంటోంది. "నా వల్ల నీ పని పోకూడదు. నీకు ఊళ్ళో మంచి మర్యాద ఉంది, అదీ పోకూడదు" అంది. ఇక దాచలేకపోయాను. "మర్యాదా లేదు, మన్నూ లేదు. నా మొహం చూస్తే అరిష్టమని ఆగుతారు వాళ్ళు" అన్నాను. తను పెట్టె మీద కూలబడింది. "మా అమ్మకి ఉత్తరం రాశాను. నేనుండే ఇంటావిడ వీధిలోకొస్తే మగాళ్ళు నిలబడి దారిస్తారని. మా బడిలో చదివి వినిపించారట. నువ్వెందుకు చెప్పలేదు?" అని కోపంగా అడిగింది.

"ఇంకో ఉత్తరం రాయకు" అన్నాను.

"అది అబద్ధం కదా!"

"రాయకు. దాన్ని నేను నిజం చేస్తాను."

తొలికోత నాడు పొద్దున్నే తనని వెంటబెట్టుకుని బయల్దేరాను. ఎప్పుడూ రోడ్డు అంచున వంగి నడిచేదాన్ని, ఆవేళ నడిమధ్యలో నడిచాను. ఎడ్లబండి అతను పగ్గాలు లాగి, "పక్కకి పోవే తల్లీ, శుభమా అని తోటకి పోతున్నాను" అన్నాడు. "ఆగావుగా! మేం వెళ్ళేదాకా ఆగు" అన్నాను. తోట గేటు దగ్గర షావుకారు గారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోత మనుషులు కాయ కోసే చిక్కాల కర్రలు పట్టుకుని చుట్టూ ఉన్నారు. "ఛీ! ఇవాళే రావాలా?" అని అరిచాడు. "పనికి రాలేదండి, చెప్పి పోదామని వచ్చాను. టీచరమ్మ ఎక్కడికీ పోదు. పరీక్షలు రాసి నా ఇంట్లోంచే వాళ్ళ దేశం వెళుతుంది. నేనే మీ తోటకి రాను" అన్నాను. వచ్చినట్టే నడిరోడ్డు మీద తిరిగొచ్చాం. ఆ సీజనంతా మొదటి బస్సెక్కి మైలవరం వైపు తోటలకి పోయాను.

పరీక్ష రోజు వచ్చింది. మహాలక్ష్మమ్మ పసుపు రాసుకుని నీళ్ళ బిందెతో నిలబడి, "పరాయి పిల్లయినా చదువుకునే పిల్ల. నేను ఎదురొస్తాలే. నువ్వు లోపలికి పో రత్తమ్మా" అంది. మంచికే అంది. షావుకారుని ఎదిరించిన నేను, చెప్పగానే లోపలికి పోయి తలుపు వేసుకున్నాను! అలవాటు అలాంటిది. టీచరమ్మ గుమ్మం దిగనంది. "రత్తమ్మ రావాలి" అంది. "నీ ఏడాది కష్టం తల్లీ, నా మొహం మీద పెట్టుకోకు" అని లోపల్నుంచే ఏడ్చాను. "ఆరేళ్ళు పిల్లలకి పరీక్షలు పెట్టినదాన్ని. చదివినవాళ్ళు రాస్తారు. రా" అంది. వచ్చాను. నా కళ్ళలోకి చూసి నవ్వి వెళ్ళింది.

ఒక పేపరు తప్పింది. పంపు దగ్గర ఏమనుకున్నారో వేరే చెప్పాలా? నేను వారం రోజులు తన మొహం చూడలేకపోయాను. తను ఉండిపోయి ఆ ఒక్క పేపరూ మళ్ళీ చదివింది. మళ్ళీ రాసే రోజున మహాలక్ష్మమ్మ బిందె ఎత్తుకోకముందే టీచరమ్మ నా తలుపు కొట్టి, "రత్తమ్మా, టైమవుతోంది, ఎదురు రా" అంది. ఆ పిలుపే నా చదువు. గట్టెక్కిందని చెబితే మీకు సంతోషం. గట్టెక్కింది. వాళ్ళ బడికి వెళ్ళిపోయింది. తప్పినా మూడోసారి నన్నే పిలిచేది, నేనూ వెళ్ళేదాన్ని.

ఇప్పటికీ మా వీధిలో పరీక్షల రోజుల్లో కొందరు తల్లులు నన్ను చూసి పిల్లల్ని గుమ్మంలోకి లాక్కుంటారు. నేను లోపలికి పోను. నడిరోడ్డు మీద నిలబడి, "ఏమర్రా, టైమవుతోంది, రండి! బాగా రాయండి!" అని అరుస్తాను. వచ్చేవాళ్ళు వస్తారు. రానివాళ్ళ కోసం ఇంకాస్త గట్టిగా అరుస్తాను.