వద్దులే, నీకెందుకు శ్రమ

ఫిన్లాండులోని కువోపియో ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరైన సిర్కాకు కుదురు తక్కువ. కూర్చుంటే కాళ్లు పీకుతాయి. తన పాత ల్యాప్‌టాప్ కంప్యూటరు కొత్త విండోస్‌ను మోయలేదని తెలిసిన నాటి నుంచి ఆ కాస్త కుదురూ పోయింది. నడిచే వస్తువును పారేయడం వాళ్ల ఇంటావంటా లేదు. ప్రోగ్రాములు రాయడంలో ఆమెకు ఓనమాలు కూడా తెలియవు. అయినా లైబ్రరీలో పాత కంప్యూటర్లకు విండోస్ బదులు లినక్స్ ఊరికే పెట్టి ఇస్తున్నారని విని, శనివారం పొద్దున్నే మంచులో కంప్యూటరు చంకన పెట్టుకుని వెళ్లింది.

అక్కడ ఉన్నది టాపియో అనే ఎలక్ట్రీషియను. సెలవు రోజున ఇదే అతని సరదా.

"పాతవన్నీ చెరిగిపోతాయి మరి. ముందు తీసి దాచమంటావా?"

"వద్దులే, నీకెందుకు శ్రమ."

ఫోటోలు ఫోనులో ఉన్నాయి. కంప్యూటరులోనే ఉన్న అమ్మ పాట సంగతి మాత్రం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ వెనక జనం నిలబడి ఉన్నారు. ఒకరికి పని చెప్పాలంటే ఆమెకు ప్రాణసంకటం. ఆ ఊళ్లో అందరికీ అంతే. పాట ఏ మూలో మిగిలే ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. పని కాగానే కంప్యూటరు లాక్కుని బయటపడింది.

ఆ పాట తల్లి హిల్యా ఒకప్పుడు చెరువు గట్టున ఆవులను పిలుస్తూ పాడినప్పుడు రికార్డు చేసినది. ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్న ఆమెకు మాట పోయింది. ప్రతి ఆదివారం సిర్కా ఆ పాట వినిపిస్తే, దుప్పటి మీద ముసలి వేళ్లు కదులుతాయి.

ఇంటికొచ్చి వెతికితే పాట లేదు. ఏవో నొక్కితే తెర మీద నల్లటి కిటికీ తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే ఒక్క అక్షరమూ కనిపించదు. లినక్స్‌లో అది మామూలేనని తెలియక, కీబోర్డు చచ్చిందనుకుని దాన్ని చరిచింది. కడిగిన కప్పులే మళ్లీ కడిగింది. కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగింది. రేపే ఆదివారం.

"నా నోరు పడిపోను! ఒక్క మాట అడిగితే అరిగిపోతానా?"

కోటు గుండీలైనా పెట్టుకోకుండా మళ్లీ లైబ్రరీకి పరుగెత్తింది. టాపియో సామాను సర్దుకుంటున్నాడు.

"అమ్మ పాట పోయింది," అంది.

అతను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "చెరిపే ముందే అన్నీ ఇందులో దాచాను."

"వద్దన్నానుగా!"

"మా అమ్మా అంతే. ఆకలికి కళ్లు తిరుగుతున్నా వద్దులే అంటుంది. నీ 'వద్దు' నమ్మడానికి నేనేం వేరే ఊరివాణ్ణా, పోస్టమ్మా? చెబుదామంటే నిలబడ్డావా? ఇప్పుడే ఎక్కించమంటావా?"

లైబ్రరీ ఆవిడ తాళాలతో ఎదురు చూస్తోంది. సిర్కా నోటి దాకా పాత మాటే వచ్చింది. మింగేసింది.

"ఎక్కించు," అంది. "ఒక్కసారి మోగించి కూడా చూపించు. రేపు అమ్మ ముందు తడుముకోకూడదు."